కోత లేని చూపు: ఇద్దరు సుబ్బారావుల దారి

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితంగా, ఓడలరేవు శ్రోతల కోసం రాసిన స్మారక ఉపన్యాస పాఠం

వైనతేయ పాయ సముద్రంలో కలిసేచోట, ఓడలరేవు ఒడ్డున, ఓఎన్జీసీ టెర్మినల్ ఉంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం అడుగున తవ్విన బావుల నుంచి గ్యాస్ గొట్టాల్లో ఈ ఒడ్డుకు చేరుతుంది. గొట్టం ఎంత మందమైనదైనా అతుకు దగ్గర వెంట్రుకంత పగులుంటే చాలు, ముప్పే. లీకైన గ్యాస్ ఏం చేయగలదో 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో కోనసీమ చూసింది. పగులుందో లేదో గొట్టాన్ని కోసి చూద్దామంటే, కోశాక అది గొట్టం కాదు. అందుకని ఈ పరిశ్రమలో ముఖ్యంగా రెండు పద్ధతులు వాడతారు. ఎక్స్‌రే లేదా గామా కిరణాలతో అతుకును ఫొటో తీయడం ఒకటి. చెవికి అందని శబ్దాన్ని లోహంలోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి లోపం ఎక్కడుందో పట్టుకోవడం రెండోది. గల్ఫ్ రిఫైనరీల్లో పనిచేసొచ్చినవాళ్లకు ఎన్డీటీ, అంటే వస్తువును పాడుచేయకుండా పరీక్షించడం, అనే మాట కొత్త కాదు.

గర్భిణికి స్కానింగ్ తీసే యంత్రం పుట్టుక కూడా అక్కడే, ఇనుము కొట్టే చోటే.

ఇయన్ డొనాల్డ్ గ్లాస్గోలో స్త్రీవైద్య ప్రొఫెసర్. 1955 జూలైలో, ఆపరేషన్లలో తీసిన కంతులనూ నీటి తిత్తులనూ కార్ల డిక్కీల్లో వేసుకుని రెన్‌ఫ్రూలో ఉన్న బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు ఒక పెద్ద మాంసం ముక్క తెచ్చిపెట్టారు. వెల్డింగులో పగుళ్లు వెతికే యంత్రాన్ని వాటిమీద పెడితే, నీటి తిత్తి ఒక రకంగా, గట్టి కంతి మరో రకంగా బదులిచ్చాయి. మూడేళ్ల తర్వాత, 1958 జూన్ 7న, డొనాల్డ్, సహచర డాక్టరు మాక్‌వికర్, ఇంజనీరు టామ్ బ్రౌన్ కలిసి లాన్సెట్ వైద్యపత్రికలో వ్యాసం వేశారు. వాళ్లు చూసినవాళ్లలో ఒకామెకు కడుపులో ముదిరిన కాన్సరని, ఆపరేషన్‌కు లొంగదని అప్పటికే తేల్చేశారు. ప్రతిధ్వని మాత్రం అది అండాశయపు నీటి తిత్తి అంది. ఆపరేషన్ చేసి తీసేశారు, ఆమె బతికింది.

తెలుగు నేలకు చెవికందని ఈ అతిధ్వనులు తెలియనివేం కావు. భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, స్ఫటికాల గుండా ఆ తరంగాలు ఎలా పోతాయో పరిశోధించారు. కానీ భౌతికశాస్త్ర ప్రయోగశాల నుంచి కాన్పుల వార్డుకు బాట వాల్తేరులో కాదు, స్కాట్లండ్‌లో పడింది. అక్కడ ఒక డాక్టరు తన సందేహాన్ని బాయిలర్ ఫ్యాక్టరీ దాకా మోసుకెళ్లాడు. యంత్రం అంతకుముందు నుంచే ఉంది. దాన్ని ఏమడగాలో తెలిసినవాడు వచ్చాకే అది వైద్యపరికరమైంది. శరీరాన్ని కోయకుండా, గుచ్చకుండా లోపల చూసే వైద్యం కథంతా ఇంతే. మంచి ప్రశ్న ఉన్నచోట చిన్న యంత్రం కూడా పెద్ద పని చేసింది. ప్రశ్న లేనిచోట కోట్ల రూపాయల యంత్రం కాగితాలను పోగేసింది.

కోయకుండా చూడటం ఎంత వరమో తెలియాలంటే, అంతకుముందు రోగులు ఏం పడ్డారో తెలియాలి. 1919 నుంచి యాభై ఏళ్లపాటు మెదడులో గడ్డ ఉందేమోనని అనుమానం వస్తే నడుములో సూది గుచ్చి, వెన్నునీరు తోడి, ఆ ఖాళీలోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. బల్లకు కట్టేసి రోగిని అటూ ఇటూ తిప్పితే గాలి బుడగ మెదడు గదుల్లోకి పాకేది. ఆ తర్వాత రోజుల తరబడి తలనొప్పి, వాంతులు. ఒకసారి చేయించుకున్నవాడు రెండోసారికి ఒప్పుకోవడం కష్టమయ్యేది. 1971 అక్టోబర్ 1న లండన్ దగ్గర వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో ఒక మహిళ తలను గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంలో పెట్టారు. మెదడులో గడ్డ ఉన్నచోటే కనబడింది, సూది లేదు, గాలి లేదు. హౌన్స్‌ఫీల్డ్ పనిచేసింది ఈఎమ్ఐ కంపెనీలో. కుక్క గ్రామఫోను వింటున్న బొమ్మతో ఘంటసాల పాటలు ఇంటింటికీ తెచ్చిన హెచ్ఎంవీ రికార్డులు ఆ కంపెనీవే. 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

అంతకంటే ముందే ఒక తెలుగు జిల్లాలో మామూలు ఎక్స్‌రే ఒక జబ్బు గుట్టు విప్పింది. అప్పటి నెల్లూరు జిల్లాలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో నడివయసు రైతులు నడుము వంగక, మెడ తిరగక కర్రల్లా బిగుసుకుపోయేవారు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ ప్రచురించిన అధ్యయనం అది ఫ్లోరోసిస్ అని తేల్చింది. బర్నార్డ్ మద్రాసులో ఎక్స్‌రే నిపుణుడు, అక్కడి రేడియాలజీ సంస్థ ఆయన పేరుతోనే ఉంది. ఆ ఫిల్ముల్లో ఎముక సుద్దలా తెల్లబారి, వెన్నుపూసల మధ్య కట్లు కూడా ఎముకగా మారి కనిపించాయి. బావినీళ్లు చేసిన పని అది. రోగి ఒంటిమీద గాటు పడకుండానే ఒక ప్రాంతపు నీటి చరిత్ర బయటపడింది.

ఇక ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికో ఆయన దగ్గరికి రావాలి.

యల్లాప్రగడ సుబ్బారావు రేడియాలజిస్టు కాదు. ఆయన జీవితంలో ఏ స్కానింగ్ యంత్రాన్నీ చూడలేదు, చూసే అవకాశమూ లేదు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివి, మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టిన పాపానికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండతో 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ పద్ధతిని బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఈనాటికీ వాళ్లిద్దరి పేరుతోనే నేర్చుకుంటారు.

కండరం రసాన్ని ఆ పద్ధతిలో పరీక్షిస్తుంటే రంగు అనుకున్న వేగంతో రాలేదు. మెల్లిగా, విడతగా వచ్చింది. ఇంకొకరైతే రసాయనం పాతదేమో అనుకుని పారబోసేవారు. ఫిస్క్, సుబ్బారావు దాన్ని వదల్లేదు. తొందరగా విడిపోయే భాస్వర పదార్థమేదో కండరంలో ఉందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు, అదే ఏడు ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా ఆ జాడ పట్టారు. 1929లో ఏటీపీ. కండరం కదలడానికి ఖర్చుపెట్టే శక్తి నిల్వ ఎక్కడుందో లోకానికి తెలియడానికి దారి పడింది అప్పుడే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఫాస్ఫోక్రియాటిన్ మహా సున్నితం. కండరాన్ని కోసినా, నలిపినా క్షణాల్లో తగ్గిపోతుంది. దాన్ని కొలవాలంటే కోయాలి, కోస్తే అది ఉన్నట్టు ఉండదు. ఈ చిక్కుముడి విప్పడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ రాడా, డేవిడ్ హౌల్ట్, వాళ్ల సహచరులు ఎలుక కాలి కండరాన్ని చిదపకుండా అలాగే బలమైన అయస్కాంతంలో పెట్టి, రేడియో తరంగాలతో పలకరించారు. కండరంలోని భాస్వరం పరమాణువులు తిరిగి పలికాయి. ఫాస్ఫోక్రియాటిన్ ఒకచోట, ఏటీపీలోని మూడు భాస్వరాలు మూడుచోట్ల, వేర్వేరు శిఖరాలుగా గ్రాఫులో లేచాయి. 1974లో ఆ ఫలితం నేచర్ పత్రికలో అచ్చయింది. భీమవరం మనిషి గాజు గొట్టంలో నీలిరంగుగా చూసినదే అది.

ఎమ్మారై పనిచేసేదీ ఇదే సూత్రంతో. కాకపోతే అది నీటిలో ఉండే హైడ్రోజన్‌ను వింటుంది. ఒంట్లో నీళ్లు బోలెడు కాబట్టి గొంతు గట్టిగా వినిపిస్తుంది, బొమ్మ స్పష్టంగా వస్తుంది. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ బొమ్మ గీసే మార్గం చూపాడు, పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానికి వేగం ఇచ్చాడు, 2003లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. భాస్వరం గొంతు చిన్నది. అందుకే భాస్వర పరీక్ష ఇంకా చాలావరకు పరిశోధనాలయాల్లోనే ఉండిపోయింది. అయినా 1981లోనే ఆక్స్‌ఫర్డ్ బృందం దానితో ఒక జబ్బును చూపించింది. మెకార్డిల్ జబ్బున్న రోగి తన ముంజేతిని అయస్కాంతంలో పెట్టి కండరం అలిసేలా పనిచేశాడు. మామూలు మనిషి కండరమైతే ఆ శ్రమకు ఆమ్లం పేరుకుంటుంది. అతడి కండరం నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని వాడుకోలేదు కాబట్టి ఆమ్లం పేరుకోలేదు. కండరం ముక్క కోసి పరీక్షకు పంపే పనేలేకుండా ఆ లోపం గ్రాఫులో కనబడింది.

భాస్వరం ఒక దారైతే, సుబ్బారావు రెండో దారి నేరుగా కోనసీమ ఇళ్లకే వస్తుంది. ఆ దారి పేరు బోదకాలు.

గోదావరి డెల్టాలో బోదకాలును వేరే పరిచయం చేయక్కర్లేదు. పంటబోదెలు, మురుగు కాలవలు, నిలవ నీళ్లు, క్యూలెక్స్ దోమ. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం ఫైలేరియా శిక్షణ, పరిశోధనల కోసం రాజమండ్రిలో ఒక శాఖనే పెట్టిందంటే ఈ నేలకూ ఆ జబ్బుకూ ఉన్న బంధం తెలుస్తుంది. ఈ పురుగు పిల్లలు పగలు నెత్తుటిలో దొరకవు. దోమ కుట్టే వేళకు, రాత్రి పది నుంచి రెండు దాకా, పైపైకి వస్తాయి. అందుకే ఫైలేరియా సిబ్బంది నిద్రపోయే ఊళ్లో తలుపులు తట్టి, వేలు గుచ్చి నెత్తురు చుక్కలు తీసుకునేవారు. నిద్రమత్తులో తిట్లు తినడం వాళ్ల ఉద్యోగంలో భాగం.

రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా అంటించుకున్నారు. అప్పటికి సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లో లెడర్లే కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిస్తున్నారు. ఆ బృందం నుంచి 1947లో వచ్చిన మందు హెట్రజాన్. దాని రసాయనం పేరు డైఇథైల్ కార్బమజీన్, ఊళ్లో అందరికీ డీఈసీ. ఆశా కార్యకర్త ఏడాదికోసారి ఇంటికొచ్చి, ఆల్బెండజోల్‌తో కలిపి ఎదుట నిలబడి మింగించే మాత్ర ఇదే. మరుసటి ఏడాది, 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

మాత్ర నెత్తుటిలోని పురుగు పిల్లల్ని చంపుతుందని రాత్రి పరీక్షలతోనే తెలిసిపోయింది. తల్లి పురుగు సంగతేమిటి? అది లింఫ్ నాళాల్లో గూడు కట్టుకుని ఏళ్లకేళ్లు బతుకుతుంది. చచ్చిందో బతికుందో తెలియాలంటే కోసి తీయాలి. 1994లో బ్రెజిల్‌లోని రెసీఫీ నగరంలో జెరూసా డ్రేయర్ బృందం మామూలు అల్ట్రాసౌండ్ ప్రోబును మగవాళ్ల వృషణాల దగ్గర పెట్టి చూసింది. ఉబ్బిన లింఫ్ నాళంలో ఏదో మెలికలు తిరుగుతోంది, ఆగదు, ఒకచోటే, విడవకుండా. నెత్తురు పారడం అలా ఉండదు, పేగు కదలిక అలా ఉండదు. బతికున్న పురుగుల గుంపు అది. వైద్యగ్రంథాల్లో దానికి పడిన పేరు ఫైలేరియా నాట్యం. రాత్రి మేలుకోనక్కర్లేదు, నెత్తురు తీయనక్కర్లేదు, పట్టపగలు పురుగు తెరమీద ఆడుతుంది.

దాంతో రెండు సంగతులు తెలిశాయి. డీఈసీ ఇచ్చాక అదే నాళాన్ని మళ్లీమళ్లీ చూస్తే కొన్ని గూళ్లలో ఆట ఆగిపోయింది, కొన్నిటిలో ఆగలేదు. తల్లి పురుగు మీద మాత్ర పని పూర్తిగా కాదు, సగం సగమే. ఏటేటా ఎందుకు మింగాలో ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. కాలు వాచనివాళ్లలో, వరిబీజం లేనివాళ్లలో, జ్వరమే ఎరగనివాళ్లలో కూడా నాళాలు అప్పటికే ఉబ్బిపోయి ఉన్నాయి. అంటే కాలు లావెక్కడం జబ్బుకు మొదలు కాదు, చాలా దూరం వచ్చాక కనిపించే మజిలీ. మాత్రల రోజున ఇంటింటా వినిపించే మాట ఒకటుంది: నాకేం లేదుగా, నాకెందుకమ్మా అని. ఆ మాటకు సమాధానం రెసీఫీలో తెరమీద కనిపించింది. కోనసీమలో ప్రతి మండలంలోనూ ఆ బొమ్మను ఒక వీడియోగా చూపిస్తే మాత్ర మింగేవాళ్లు పెరుగుతారని ఈ ఉపన్యాసకుడి నమ్మకం. ఇప్పటికే వాచిన కాలును మాత్రం స్కానింగ్ బాగుచేయదు. రోజూ సబ్బుతో కడిగి, తుడిచి, వేళ్ల మధ్య పుండు పడకుండా చూసుకోవడమే దానికి దారి.

ఇక రెండో సుబ్బారావు. కాకర్ల సుబ్బారావు 1925 జనవరి 25న కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టారు. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో రేడియాలజీ నేర్చి, ఉస్మానియాలో పాఠం చెప్పి, మళ్లీ అమెరికా వెళ్లి న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్నారు. అమెరికా తెలుగువాళ్ల సంఘం తానాకు తొలి అధ్యక్షుడు. ఎన్.టి.రామారావు పిలుపు మీద 1986లో తిరిగొచ్చి హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రి తొలి డైరెక్టరయ్యారు. 2000లో పద్మశ్రీ, 2021 ఏప్రిల్ 16న మరణం. ఆయన ప్రత్యేక విద్య ఎముకల ఎక్స్‌రేలు చదవడం. ఒక సుబ్బారావు ఒంట్లో ఏముందో కనిపెట్టాడు, ఇంకొక సుబ్బారావు ఒంటి బొమ్మను ఎలా చదవాలో రెండు తరాల డాక్టర్లకు నేర్పాడు. జనం మొదటాయన్ని ఆలస్యంగా గుర్తించారు. రెండో ఆయన్ని నిమ్స్ డైరెక్టరుగానే గుర్తుపెట్టుకున్నారు, చదివే విద్యను మర్చిపోయారు.

ఆ విద్య విలువ తెలియాలంటే కొబ్బరితోట దాకా వెళ్తే చాలు. దింపు తీసే మనిషి చెట్టు మీంచి జారి మడమల మీద పడ్డాడనుకుందాం. మడమ పగిలింది, నొప్పంతా అక్కడే, వేలు చూపించేదీ అక్కడికే. చీటీ మీద కాలు నొప్పి అని రాస్తే కాలుకే ఎక్స్‌రే తీస్తారు. కానీ మడమకు తగిలిన దెబ్బ అక్కడితో ఆగదు, కాలెముక గుండా పైకెళ్లి నడుము దగ్గర వెన్నుపూసను నలగ్గొట్టవచ్చు. అందుకే ఎత్తు నుంచి పడి మడమ విరిగినవాడి నడుము కూడా చూడాలని ఎముకల డాక్టర్లకు మొదట్లోనే నేర్పుతారు. అదే చీటీ మీద కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు అని రాసి ఉంటే, చదివే డాక్టరు వెన్ను ఎక్స్‌రే కూడా అడుగుతాడు. యంత్రం ఒకటే, ఫిల్మూ ఒకటే. చీటీ మీద మూడు మాటలు ఆ మనిషి మళ్లీ నడవడాన్ని నిర్ణయిస్తాయి.

కొత్త యంత్రాల గురించి చెప్పుకోవాలంటే చాలా ఉంది, క్లుప్తంగా చెప్పుకుందాం. కాలేయం గట్టిబడిందో లేదో ముక్క తీయకుండా, చిన్న తట్టుతో పుట్టే తరంగం వేగాన్ని బట్టి చెప్పే ఫైబ్రోస్కాన్ పెద్ద ఊళ్ల ఆస్పత్రుల్లో మామూలైంది. ఫొటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే కొత్త రకం సీటీకి 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు గోడ ప్లగ్గుకు తగిలించుకుని మంచం దగ్గరికి తోసుకెళ్లే చిన్న ఎమ్మారైకి అంతకు ముందు ఏడాదే వచ్చింది, బొమ్మ కొంచెం మసక, కానీ ద్రవహీలియం ట్యాంకు అక్కర్లేదు. బెంగళూరు వాక్సెల్‌గ్రిడ్స్ 2023లో దేశీయ ఎమ్మారై తెచ్చింది. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో వైద్యపరికరాల తయారీ జరుగుతోంది. కాన్సర్ కోసం చేసే పెట్ స్కాన్‌లో మాత్రం ఒక సూది తప్పదు. అందులో వాడే ఫ్లోరిన్ రేడియో ధార్మికత 110 నిమిషాలకోసారి సగమవుతుంది. హైదరాబాద్‌లో తయారై ఎనిమిది గంటలు రోడ్డు మీద వచ్చేసరికి ఇరవయ్యో వంతు కూడా మిగలదు. కొన్ని యంత్రాలు ఊరికి రాకపోవడానికి డబ్బే కాదు, భౌతికశాస్త్రం కూడా కారణం.

చూపు పెరిగితే జ్ఞానం పెరుగుతుందని గ్యారంటీ లేదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో రోగుల కిడ్నీలు కుంచించుకుపోయాయని అల్ట్రాసౌండ్ నిమిషాల్లో చూపిస్తుంది. ఎందుకు కుంచించుకుపోయాయో ఏ స్కానింగూ చెప్పలేదు. దానికి నీరు, నేల, ఎండ, పని అన్నీ వెతకాలి. నడుము నొప్పికి ఎమ్మారై సంగతి మరీ విచిత్రం. 1994లో ఒక అమెరికన్ బృందం నడుము నొప్పి లేనేలేని 98 మందికి ఎమ్మారై తీసింది. 52 శాతం మందిలో కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. ఆ రిపోర్టు చేతికిస్తే నొప్పి లేని మనిషికి కూడా నొప్పి పుడుతుంది. పండక్కి ఆఫర్ల మీద అమ్మే హోల్ బాడీ చెకప్ ప్యాకేజీలతో ఇదే చిక్కు: ఏం వెతుకుతున్నారో తెలియకుండా వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది, ఆ ఏదో ఒకటి ఏమిటో తేల్చడానికి మళ్లీ పరీక్షలు.

లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి. అల్ట్రాసౌండ్‌కూ ఎమ్మారైకీ రేడియేషన్ లేదు. ఛాతీ ఎక్స్‌రేకి దాదాపు 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకన్నా తక్కువ. కడుపు సీటీకి ఎనిమిది నుంచి పది. మనిషికి నేల నుంచి, ఆకాశం నుంచి సహజంగా ఏడాదికి వచ్చేది ప్రపంచ సగటున 2.4. అవసరమైనప్పుడు సీటీకి భయపడటం ఎంత తప్పో, తలనొప్పి వచ్చిన ప్రతిసారీ తీయించుకోవడం అంతే తప్పు.

అల్ట్రాసౌండ్ చేతిలో పట్టేంత చిన్నదైంది కదా, ప్రతి పల్లె ఆస్పత్రికీ ఒకటి ఎందుకు ఇవ్వరని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్నకు జవాబులో దేశం సిగ్గుపడాల్సిన కథ ఉంది. కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిస్తే తీయించేయడానికి ఇదే యంత్రం వాడారు. అందుకే 1994లో గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది, 2003లో దాన్ని గట్టిచేశారు, తర్వాత మోసుకెళ్లే యంత్రాల మీదా ఆంక్షలు పెట్టారు. రిజిస్టర్ చేయని యంత్రాన్ని సంచిలో వేసుకుని ఊరూరా తిప్పడానికి వీల్లేదు. బోదకాలు పురుగును చూడటానికి పనికొచ్చేదీ, దూరపు లంకలో గర్భిణి కడుపు చూడటానికి పనికొచ్చేదీ ఆ నేరం వల్లే గడప దాటలేకపోతోంది. చట్టం సడలించాలనడం లేదు. ఆ నేరం పూర్తిగా ఆగాలి, అప్పుడే యంత్రానికి స్వేచ్ఛ.

ఎక్స్‌రేకి ఆ అడ్డు లేదు. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ క్షయ సర్వేలో తేలినదేమిటంటే, ఛాతీ ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే రోగుల్లో 42.6 శాతం మంది దొరికేవారే కాదు. దగ్గు లేదు, జ్వరం లేదు, కానీ ఊపిరితిత్తిలో మచ్చ ఉంది, కఫంలో సూక్ష్మక్రిమి ఉంది. సర్వే ముగిసిన 2021లోనే, పదిహేనేళ్లు దాటినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేను జల్లెడ పట్టడానికి కంప్యూటర్ ప్రోగ్రామును వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. 2024 డిసెంబర్ 7న మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రాలు ఊళ్లలోకి వెళ్లాయి. ఇక్కడ కృత్రిమ మేధ చేసేది డాక్టరు పని కాదు. వందమందిలో ఎవరి కఫం ముందు పరీక్షించాలో వరస చెప్పడం. ఆ మాత్రం పని నమ్మకంగా చేస్తే అదే గొప్ప. రిపోర్టు మీద సంతకం పెట్టాల్సినవాడు ఇంకా మనిషే, ఆ మనుషులు పల్లెలకు చాలరు. కాకర్ల నేర్పిన విద్యకు వారసుల్ని తయారుచేయడం యంత్రాలు కొనడం కంటే కష్టం. ఓడలరేవులోనే ఉన్న బి.వి.సి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల్లో కొందరైనా అటు చూడాలి, టామ్ బ్రౌన్ కూడా ఇంజనీరే.

చివరగా, ఈ సముద్రపు ఒడ్డున అన్నింటికంటే తొందరపెట్టే స్కానింగ్ ఒకటుంది. పక్షవాతం మెదడులో నాళం మూసుకుపోయినా వస్తుంది, నాళం చిట్లినా వస్తుంది. మంచం పక్కన నిలబడి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మూసుకుపోతే గడ్డ కరిగించే ఇంజక్షన్ ప్రాణం పోస్తుంది, చిట్లితే అదే ఇంజక్షన్ ప్రాణం తీస్తుంది. తేడా చెప్పేది సీటీ. చిట్లిన నెత్తురు వెంటనే తెల్లగా కనిపిస్తుంది. మొదటి గంటల్లో సీటీ మామూలుగా ఉందంటే ఏం లేదని కాదు, ఇంజక్షన్‌కు దారి తెరిచి ఉందని. ఆ ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఓడలరేవు నుంచి అమలాపురం వెళ్లి, అక్కడ అటూ ఇటూ తిరిగి, అరవై కిలోమీటర్ల పైన ఉన్న కాకినాడకు బయల్దేరేసరికి ఆ వ్యవధి సగానికి పైగా కరిగిపోతుంది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోతే, చెయ్యి జారిపోతే, మాట ముద్దగా వస్తే, గంట ఎంతయిందో కాగితం మీద రాయండి. నిద్రలో వస్తే చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారో రాయండి. పసరు, నూనె మర్దన అంటూ ఆగకండి. 108కి పక్షవాతం అనుమానమని స్పష్టంగా చెప్పి, సీటీ స్కాన్ పనిచేస్తున్న ఆస్పత్రికే నేరుగా తీసుకెళ్లమనండి.